పాత పెట్రోలు కార్లలో ఇంజను మిస్సింగ్, ఐడ్లింగ్ కుదుపు: అనంతపురం మెట్ట ప్రాంత పరిస్థితులలో లోప నిర్ధారణ

సారాంశం

పాత పెట్రోలు కారు నిలిచి ఉన్నప్పుడు ఇంజను కుదపడం, ఒక సిలిండరు సరిగా మండక శక్తి తగ్గడం మెట్ట ప్రాంత గ్రామాలలో తరచుగా ఎదురయ్యే లోపాలు. ప్లగ్గులు, కాయిల్, కార్బ్యురేటరు వంటి భాగాలను ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవడం వలన ఖర్చు పెరుగుతుందే గాని కారణం తేలదు. లోపం ఏ పరిస్థితిలో కనిపిస్తున్నది, ఒక్క సిలిండరుకే పరిమితమా లేక అన్నింటికీ చెందినదా అనే రెండు ప్రశ్నలకు ముందుగా సమాధానం రాబట్టి, తర్వాత నిప్పు, గాలి, ఇంధనం, సంపీడనం అనే నాలుగు అంశాలను పరీక్షించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. దుమ్ము, వేడి, ఎత్తు, ఇథనాల్ కలిసిన పెట్రోలు అనే స్థానిక కారణాలను కూడా చర్చిస్తుంది.

1. ఉపోద్ఘాతం

అనంతపురం పీఠభూమి పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ప్రాంతం. సాలీనా సగటు వర్షపాతం సుమారు 550 మి.మీ. మాత్రమే. లోతు తక్కువైన ఎర్ర నేలలలో ఒక మంచి వాన ఇచ్చిన పదును కొద్ది రోజులే నిలుస్తుంది. ఆ కొద్ది రోజులలోనే వేరుశనగ విత్తనం పొలానికి చేరాలి, విత్తనశుద్ధి జరగాలి, గొర్రు కదలాలి. ఈ పనులన్నింటి వెనుక ఏదో ఒక వాహనం ఉంటుంది. పెనుకొండ సమీపాన ఎర్రమంచి వద్ద 2019 నుంచి సరికొత్త కార్లు తయారవుతున్నా, చుట్టుపట్ల గ్రామాలలో విత్తన సంచులను, మందు పిచికారీ యంత్రాలను, టమాటా పెట్టెలను మోసేవి చాలావరకు పాత వ్యానులు, పాత కార్లే. అలాంటి వాహనం అదునులో రెండు రోజులు ఆగిపోతే నష్టం మరమ్మతు ఖర్చుతో ముగియదు. తప్పిపోయిన పదును ఆ ఏటికి తిరిగి రాదు.

విస్తరణ శాస్త్రవేత్తకు ఈ విషయంతో పని ఏమిటన్న ప్రశ్న సహజం. యంత్రాల గురించి రైతు మొదట అడిగేది తమకు తెలిసిన చదువుకున్న మనిషినే. అంతకుమించి, ఇంజను లోప నిర్ధారణకూ పైరు తెగులు నిర్ధారణకూ పద్ధతి ఒక్కటే. వేరుశనగ ఆకు పసుపుబారిందని చెప్పగానే మందు చెప్పము. లేత ఆకులు పసుపుబారాయా, ముదురు ఆకులా అని అడుగుతాము. లేత ఆకులైతే ఇనుప ధాతు లోపాన్ని, ముదురు ఆకులైతే నత్రజని లోపాన్ని ముందుగా అనుమానిస్తాము. ఒకే రంగు కనిపించినా అది కనిపించిన చోటు కారణాన్ని వేరు చేస్తుంది. ఇంజను కుదుపు కూడా అలాంటి లక్షణమే. అది రోగం పేరు కాదు.

2. ఐడ్లింగ్‌లోనే కుదుపు ఎందుకు తెలుస్తుంది?

నాలుగు దశల ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే ప్రతి సిలిండరు ఒకసారి మండుతుంది. ఇంజను నిమిషానికి 900 చుట్లు తిరుగుతున్నదనుకుంటే ఒక్కో సిలిండరు నిమిషానికి 450 సార్లు, అంటే సెకనుకు ఏడున్నర సార్లు మండాలి. ఒక సిలిండరు పూర్తిగా పని మానితే అదే లెక్కన సెకనుకు ఏడెనిమిది లోట్లు పడతాయి. సీటులోను, స్టీరింగులోను మనకు తెలిసే క్రమబద్ధమైన వణుకు ఇదే. 1983 చివర మన దేశంలో విడుదలైన మారుతి 800లోను, ఓమ్నీ వ్యానులోను ఉన్నది 796 ఘన సెం.మీ. మూడు సిలిండర్ల ఇంజను. నాలుగు సిలిండర్ల ఇంజనులో ఒకటి మానితే నాలుగో వంతు శక్తి పోతుంది. మూడు సిలిండర్లదానిలో మూడో వంతు పోతుంది. అందుకే ఈ చిన్న కార్లలో మిస్సింగ్ అంత స్పష్టంగా తెలుస్తుంది.

మెకానిక్కులు ‘స్లో’ అని పిలిచే ఐడ్లింగ్ స్థితిలో త్రాటిల్ దాదాపు మూసుకొని ఉంటుంది. ఇన్‌టేక్ మానిఫోల్డులో శూన్యత ఎక్కువగా ఉండి, సిలిండరులోకి వచ్చే తాజా మిశ్రమం తక్కువగా ఉంటుంది. ముందు దహనంలో మిగిలిన పొగ దానిలో ఎక్కువ పాలు కలుస్తుంది. మంట నెమ్మదిగా పాకుతుంది. ఫ్లైవీలులో నిల్వ ఉండే శక్తి కూడా తక్కువే. ఈ స్థితిలో ఒక గొట్టానికి పడిన సన్నని చీలిక గుండా వచ్చే గాలి, మొత్తం గాలిలో చెప్పుకోదగిన భాగమవుతుంది. త్రాటిల్ తెరిచి వేగం పెంచినప్పుడు అదే చీలిక గాలి లెక్కలోకి రాదు. కాబట్టి గాలి కారే లోపం ఐడ్లింగ్‌లో బాధించి, రోడ్డు మీద మాయమవుతుంది.

నిప్పు లోపం దీనికి విరుద్ధంగా ప్రవర్తిస్తుంది. ప్లగ్గు సందులో నిప్పురవ్వ దూకడానికి కావలసిన వోల్టేజి సిలిండరులోని పీడనంతో పాటు పెరుగుతుంది. బరువుతో మిట్ట ఎక్కేటప్పుడు సిలిండరు నిండా మిశ్రమం చేరి పీడనం పెరుగుతుంది. బలహీనపడిన కాయిల్, పగిలిన ప్లగ్గు వైరు అప్పుడు చేతులెత్తేస్తాయి. ఆ నిప్పే ఐడ్లింగ్‌లో సరిపోవచ్చు. ఈ తేడా గ్రహించిన విద్యార్థి పనిముట్టు పట్టక ముందే సగం కారణాలను పక్కన పెట్టగలడు.

3. ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన కారణాలు

3.1 దుమ్ము: నైరుతి రుతుపవన కాలంలో ఇక్కడ వాన కంటే గాలి ఎక్కువ. రామగిరి కొండల మీద గాలిమరలు వెలసింది ఆ గాలి బలం వల్లనే. ఎర్ర నేల దుమ్ములో ఉండే స్ఫటిక రేణువులు సిలిండరు గోడలోని పోత ఇనుము కంటే గట్టివి. ఎయిర్ ఫిల్టరు చుట్టూ సరిగా బిగియకపోతే ఈ రేణువులు పిస్టన్ రింగులను, సిలిండరు గోడలను అరగదీసి కొన్నేళ్లలో సంపీడనాన్ని తగ్గిస్తాయి. వెంటనే కనిపించే నష్టం మరొకటి. కార్బ్యురేటరులో ఐడ్లింగ్‌కు ఇంధనం అందించే సన్న జెట్టు రంధ్రం సుమారు అర మి.మీ. మాత్రమే. అందులో చిక్కిన ఒక్క రేణువు స్లోను చెడగొడుతుంది. పెద్ద జెట్టు మీద నడిచే వేగంలో మాత్రం కారు బాగానే ఉంటుంది. ఫిల్టరు పూర్తిగా మూసుకుపోతే మిశ్రమం చిక్కబడి నల్లపొగ రావచ్చు. దాని ప్రభావం ఐడ్లింగ్‌లో కంటే వేగంలో, బరువులో ఎక్కువగా ఉంటుంది. ఫిల్టరు తీసివేసి బండి నడపడం దీనికి పరిష్కారం కాదు.

3.2 వేడి: వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే రోజులు ఇక్కడ అనేకం. ఇంజనును ఆపిన తర్వాత కొంతసేపు బానెట్టు కింద వేడి తగ్గకపోగా పెరుగుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 35–40 డిగ్రీల వద్దనే ఆవిరి కావడం మొదలవుతుంది. గొట్టంలో ఆవిరి బుడగలు చేరితే పంపు ఇంధనాన్ని లాగలేదు. మరోవైపు కాయిల్, కండెన్సరు కూడా వేడెక్కినప్పుడే విఫలమై, చల్లారాక మళ్ళీ పనిచేయవచ్చు. రెండు లోపాలూ పైకి ఒకేలా కనిపిస్తాయి. అందుచేత ఆగిన వెంటనే, వేడిగా ఉండగానే పరీక్షించాలి. చల్లారిన తర్వాత పరీక్షిస్తే సాక్ష్యం ఉండదు. ఇంజను ఆపి, ఫిల్టరు మూత తీసి, యాక్సిలరేటరు తీగను ఒకసారి లాగితే కార్బ్యురేటరు గొంతులో పెట్రోలు చిమ్మడం కనిపించాలి. చిమ్మితే ఇంధనం చేరుతున్నట్లే. దృష్టి నిప్పు వైపు మళ్ళించాలి. చిమ్మకపోతే పంపు, గొట్టం, ఆవిరి అడ్డు అనే వరుసలో చూడాలి.

3.3 ఎత్తు: అనంతపురం పట్టణం సముద్ర మట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తున ఉంది, మడకశిర వైపు పీఠభూమి 600 మీటర్లు దాటుతుంది. శూన్యతను కొలిచే గేజీ సముద్ర మట్టం వద్ద ఆరోగ్యంగా ఉన్న ఇంజనుకు 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది. ప్రతి 300 మీటర్ల ఎత్తుకు సుమారు ఒక అంగుళం తగ్గించి చదవాలి. ఈ సవరణ చేయకపోతే మడకశిరలో బాగున్న ఇంజనును కూడా గాలి కారుతున్నదిగా భ్రమపడే ప్రమాదం ఉంది.

3.4 నిలిపి ఉంచడం: అదునులో తప్ప కదలని వాహనాలలో పెట్రోలు ఆవిరై జిగురు మిగులుతుంది. పశువుల పాకలో, గడ్డివాము పక్కన నిలిపిన బండ్లలో ఎలుకలు ప్లగ్గు వైర్లను, శూన్యత గొట్టాలను కొరుకుతాయి. చాలాకాలం నిలిచిన బండి కుదుపుతో వచ్చినప్పుడు మొట్టమొదట కళ్ళతో చూడవలసినవి ఇవే.

4. నిర్ధారణ క్రమం

4.1 అడగడం, వినడం

యజమానిని అడగవలసినవి ఐదు ప్రశ్నలు. కుదుపు చల్లని ఇంజనులోనా, వేడెక్కాకనా? నిలిచినప్పుడా, మిట్ట ఎక్కేటప్పుడా? హఠాత్తుగా వచ్చిందా, నెమ్మదిగా పెరిగిందా? ఈ మధ్య ఏ పని చేయించారు? పెట్రోలు ఎక్కడ, ఎప్పుడు పోయించారు? నాలుగో ప్రశ్నకు వచ్చే సమాధానం చాలాసార్లు దారి చూపుతుంది. ఏదైనా భాగం విప్పి బిగించిన తర్వాత మొదలైన కుదుపుకు, ఊడిపోయిన గొట్టమో తారుమారైన ప్లగ్గు వైరో కారణం కావచ్చు. పైన చెప్పిన మూడు సిలిండర్ల ఇంజనులో నిప్పు అందవలసిన వరుస 1-3-2. అంబాసిడర్ పెట్రోలు ఇంజను వంటి నాలుగు సిలిండర్ల వాటిలో 1-3-4-2.

తర్వాత సైలెన్సరు చివర నిలబడి వినాలి. లయ తప్పకుండా ఒకే విరామంతో వచ్చే ‘ఫుట్ ఫుట్’ శబ్దం ఒక సిలిండరు పనిచేయడం లేదనడానికి సూచన. లయ లేకుండా అప్పుడప్పుడు తడబడితే లోపం అన్ని సిలిండర్లకూ ఉమ్మడియైన భాగంలో ఉండవచ్చు: కాయిల్, కండెన్సరు, అరిగిన డిస్ట్రిబ్యూటరు బుష్షు, పలుచబడిన మిశ్రమం వంటివి.

4.2 సిలిండరును గుర్తించడం

కాంటాక్ట్ పాయింట్లు గల పాత ఇంజనులో, విద్యుత్తు సోకని పటకారుతో ఒక్కో ప్లగ్గు వైరును తప్పించి, ఆ వైరు కొనను ఇంజను లోహానికి ఆనేలా ఉంచి, వేగంలో మార్పును గమనించాలి. బాగున్న సిలిండరు వైరు తీస్తే వేగం స్పష్టంగా పడిపోతుంది. పని చేయని సిలిండరు వైరు తీసినా మార్పు ఉండదు. ప్లగ్గు వైరులో వేల వోల్టుల విద్యుత్తు ఉంటుంది. తడి చేతులతో, ఒంటి చేతి తొందరతో ఈ పని చేయరాదు. గుండె పేస్‌మేకరు ఉన్నవారు ఈ పనికి దూరంగా ఉండాలి. ఎలక్ట్రానిక్ జ్వలన వ్యవస్థ ఉన్న బండ్లలో నడుస్తున్న ఇంజను వైరును గాలిలో వేలాడనిస్తే ఆ వ్యవస్థ దెబ్బతినవచ్చు. ఇంజెక్షను ఇంజనులలో ప్లగ్గు వైరుకు బదులు ఆ సిలిండరు ఇంజెక్టరు కనెక్టరును తప్పించాలి. లేకపోతే మండని పెట్రోలు సైలెన్సరులోని ఉత్ప్రేరక పరికరంలో చేరి దానిని పాడుచేస్తుంది.

2013 ఏప్రిల్ తరువాతి కార్లలో కంప్యూటరే మిస్సింగును గుర్తించి, స్కానరుకు పి0301, పి0302 వంటి సంకేతాలను ఇస్తుంది. చివరి అంకె సిలిండరు సంఖ్య. పి0300 అంటే ఒకే సిలిండరుకు పరిమితం కాని మిస్సింగ్. ఈ సంకేతం చోటును చెబుతుందే గాని కారణాన్ని చెప్పదు. కోడ్ చూసి ప్లగ్గు కొనడం, పసుపు ఆకు చూసి మందు కొనడం వంటిదే.

4.3 నిప్పు

ఒకే సిలిండరు లోపమని తేలితే, ఆ ప్లగ్గును పక్క సిలిండరు ప్లగ్గుతో మార్చి చూడాలి. లోపం ప్లగ్గుతో పాటు పక్క సిలిండరుకు వెళితే ప్లగ్గే దోషి. వెళ్ళకపోతే వైరును మార్చి చూడాలి. కొత్త భాగం ఏదీ కొనకుండానే రెండు అనుమానాలు తీరతాయి. ఈ మార్పిడి పరీక్షలో ఒకసారి ఒక్క భాగాన్నే మార్చాలి. ప్లగ్గు, వైరు, క్యాప్ ఒకేసారి మార్చితే కుదుపు పోవచ్చు. ఏది కారణమో మాత్రం తెలియదు.

విప్పిన ప్లగ్గు మొన రంగు మంచి సాక్షి. లేత గోధుమ రంగు సరైన దహనానికి గుర్తు. పొడి నల్లమసి చిక్కని మిశ్రమాన్ని, తెల్లదనం పలుచని మిశ్రమాన్ని లేక అతివేడిని, నూనె తడి అరిగిన రింగులను లేక వాల్వు సీళ్ళను, పెట్రోలు తడి ఆ సిలిండరు మండలేదన్న విషయాన్ని చెబుతాయి. సందు సాధారణంగా 0.7–0.8 మి.మీ.; ఖచ్చితమైన విలువను వాహన పుస్తకం నుంచే తీసుకోవాలి. కార్బన్ ప్లగ్గు వైరు నిరోధం మీటరుకు 10–20 కిలో ఓముల పరిధిలో ఉంటుంది. ఒక వైరు మిగతా వాటికంటే ఎన్నో రెట్లు చూపితే అది తెగినదే. చీకటిలో బానెట్టు ఎత్తి చూస్తే వైరు చీలిక వద్ద నీలి నిప్పు పాకడం కనిపిస్తుంది.

లోపం అన్నింటికీ చెందినదైతే కాంటాక్ట్ పాయింట్ల సందు, వాటి ముఖాలు, కండెన్సరు, డిస్ట్రిబ్యూటరు క్యాప్ లోపలి పగుళ్ళు, రోటరు చూడాలి. పాయింట్లు త్వరత్వరగా కాలిపోతూ ఉంటే కండెన్సరును అనుమానించాలి. డిస్ట్రిబ్యూటరు షాఫ్టును పక్కకు ఊపితే ఆట తెలిస్తే, పాయింట్లు ఎన్నిసార్లు సర్దినా స్థిరంగా ఉండవు.

4.4 గాలి

కార్బ్యురేటరు అడుగు గాస్కెట్టు, ఇన్‌టేక్ మానిఫోల్డు గాస్కెట్టు, బ్రేకు బూస్టరు గొట్టం, క్రాంక్ కేసు ఊపిరి గొట్టం, డిస్ట్రిబ్యూటరు మీది శూన్యత డబ్బా అనేవి గాలి కారే ముఖ్య స్థానాలు. ఇంజను ఐడ్లింగ్‌లో ఉండగా అనుమానించిన అతుకు మీద కొద్దిగా నీరు చిలకరిస్తే, చీలిక ఉన్నచోట నీరు లోపలికి పీల్చబడి శబ్దం మారుతుంది. వేడి మానిఫోల్డు మీద పెట్రోలు చల్లి పరీక్షించే అలవాటు అగ్ని ప్రమాదానికి దారి. దానిని గట్టిగా మాన్పించాలి. బ్రేకు పెడలు తొక్కినప్పుడు ఐడ్లింగ్ మారితే బూస్టరును, దాని గొట్టాన్ని పరీక్షించాలి. ఒక్క సిలిండరు దారిలోని గాస్కెట్టు చీలితే గాలి లోపం కూడా ఒక్క సిలిండరు లోపంలా కనిపిస్తుందని గుర్తుంచుకోవాలి.

శూన్యత గేజీ ముల్లు ఎత్తు సవరణ తర్వాత కూడా తక్కువగా, కదలకుండా నిలిస్తే గాలి కారడాన్ని లేక నిప్పు ఆలస్యంగా అందడాన్ని సూచిస్తుంది. ఒకే లయలో పడి లేచే ముల్లు ఒక సిలిండరు వాల్వు సరిగా మూసుకోవడం లేదని చెబుతుంది. నెమ్మదిగా అటూ ఇటూ ఊగే ముల్లు మిశ్రమ లోపాన్ని సూచిస్తుంది.

4.5 ఇంధనం

యాక్సిలరేటరు మీద కాలు ఉన్నంతసేపు నడిచి, తీయగానే ఆగిపోయే బండిలో స్లో జెట్టును చూడాలి. కొన్ని కార్బ్యురేటర్లలో ఐడ్లింగ్ ఇంధనాన్ని తెరిచి మూసే చిన్న విద్యుత్ వాల్వు ఉంటుంది. దాని వైరు ఊడినా లక్షణం అదే. కీ తిప్పినప్పుడు ‘టిక్’ మన్న శబ్దం రాకపోతే మొదట ఆ వైరునే చూడాలి. జెట్టును గాలితో ఊది శుభ్రం చేయాలి. తీగతో పొడిస్తే రంధ్రం పెద్దదై మిశ్రమం శాశ్వతంగా చెడుతుంది.

మిశ్రమం స్క్రూను తిప్పడం అన్నింటికంటే చివర చేయవలసిన పని. గాలి కారుతున్న ఇంజనుకు స్క్రూ తిప్పి మిశ్రమాన్ని చిక్కబరిస్తే కుదుపు తాత్కాలికంగా అణగుతుంది. లోపం మాత్రం లోపలే ఉండి, పెట్రోలు ఖర్చు పెరిగి, ప్లగ్గులు మసిబారి, నెలలోపే రెండో లోపం తోడవుతుంది.

4.6 సంపీడనం

నిప్పు, గాలి, ఇంధనం బాగున్నా ఒక సిలిండరు మండకపోతే కంప్రెషన్ గేజీ వాడాలి. ఇంజను వేడిగా ఉండాలి, అన్ని ప్లగ్గులూ తీసివేయాలి, జ్వలన వ్యవస్థను ఆపివేయాలి, త్రాటిల్ పూర్తిగా తెరవాలి, బ్యాటరీ బలంగా ఉండాలి. సిలిండర్ల మధ్య తేడా 10–15 శాతం దాటరాదు. తక్కువ చూపిన సిలిండరులో చెంచాడు ఇంజను నూనె పోసి మళ్ళీ కొలవాలి. విలువ పెరిగితే రింగుల అరుగుదల. పెరగకపోతే వాల్వు లోపం. పక్కపక్కనున్న రెండు సిలిండర్లు రెండూ తక్కువ చూపితే వాటి మధ్య హెడ్ గాస్కెట్టు పోయి ఉండవచ్చు. వాల్వు లోపమని తేలినా హెడ్ విప్పే ముందు టాపెట్ సందు తప్పక చూడాలి. సందు పూర్తిగా పోతే వాల్వు మూసుకోదు, సంపీడనం నిలవదు.

5. లక్షణాల క్రోడీకరణ

• ఐడ్లింగ్‌లో మాత్రమే, లయబద్ధమైన కుదుపు: ఒక సిలిండరు వాల్వు, టాపెట్, ఆ సిలిండరు దారిలో గాలి కారడం.
• ఐడ్లింగ్‌లో మాత్రమే, లయ లేని తడబాటు లేదా ఆగిపోవడం: స్లో జెట్టు, శూన్యత గొట్టం, మిశ్రమం.
• బరువులో, మిట్టలో మిస్సింగ్: ప్లగ్గు సందు, వైర్లు, కాయిల్, నిప్పు బాగుంటే ఇంధన ఫిల్టరు, పంపు.
• అన్ని వేగాలలోను ఒక సిలిండరు మండకపోవడం: ప్లగ్గు, వైరు, క్యాప్, సంపీడనం.
• వేడెక్కాక మాత్రమే: కాయిల్, కండెన్సరు, ఇంధన గొట్టంలో ఆవిరి.
• మరమ్మతు జరిగిన వెంటనే: వైర్ల వరుస, ఊడిన గొట్టం, నిప్పు అందే సమయం.

6. అభ్యాస ఉదాహరణ

విద్యార్థులు తర్కాన్ని సాధన చేయడానికి ఒక ఊహా సందర్భాన్ని తీసుకుందాం. కళ్యాణదుర్గం వైపు గ్రామం నుంచి కార్బ్యురేటరు గల పాత ఓమ్నీ వ్యాను వచ్చింది. “సార్, రోడ్డు మీద బాగానే పోతుంది, నిలబడితే వణుకుతుంది. ప్లగ్గులు కొత్తవి వేయించినా అంతే” అని రైతు చెప్పాడు. కొన్ని నెలలుగా వణుకు నెమ్మదిగా పెరిగిందట.

నెమ్మదిగా పెరిగిందన్న మాట ఊడిన గొట్టాన్ని, తెగిన వైరును వెనక్కు నెడుతుంది. అరుగుదల వైపు చూపుతుంది. వేగంలో బాగుండడం నిప్పు మీద అనుమానాన్ని తగ్గిస్తుంది. శబ్దం లయబద్ధంగా ఉంది కాబట్టి ఒక సిలిండరును వెతకాలి. రెండో సిలిండరు వైరు తీసినప్పుడు మార్పు లేదు. ప్లగ్గు మార్చి చూస్తే లోపం రెండో సిలిండరులోనే ఉండిపోయింది. వైరు మార్చినా అంతే. ఆ సిలిండరు అతుకు మీద నీరు చిలకరించినా శబ్దం మారలేదు. మిగిలింది సంపీడనం. గేజీ మిగతా రెండింటి కంటే మూడో వంతు తక్కువ చూపింది. నూనె పోసినా పెరగలేదు. అంటే వాల్వు.

ఇక్కడ హెడ్ విప్పితే ఖర్చు వేలలోకి పోతుంది. దానికి ముందు ఫీలర్ గేజీతో టాపెట్లు చూస్తే, రెండో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వుకు సందే లేదు. వాల్వు దాని పీట మీద అరిగి పైకి జరిగేకొద్దీ సందు తగ్గుతుంది. ఆ అరుగుదలకు శబ్దం ఉండదు. వదులైన టాపెట్ చప్పుడు చేస్తుంది గనుక యజమాని దానిని బాగు చేయిస్తాడు. బిగిసిన టాపెట్ మౌనంగా వాల్వును కాల్చివేస్తుంది. ఐడ్లింగ్‌లో ఒక్కో చక్రానికి ఎక్కువ సమయం ఉంటుంది కాబట్టి సన్నని సందు గుండా పీడనం కారిపోతుంది; వేగంలో కారడానికి వ్యవధి చాలదు. సందు సరిచేసి మళ్ళీ కొలిస్తే పీడనం కోలుకుంటే వాల్వు ఇంకా కాలలేదన్నమాట. కోలుకోకపోతే అప్పుడు హెడ్ విప్పడం న్యాయం. ఏ దశలోనూ కొత్త భాగం కొనలేదని విద్యార్థులు గమనించాలి.

7. ఇథనాల్ కలిసిన పెట్రోలు

20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు మన దేశంలో 2023 నుంచి దశలవారీగా అందుబాటులోకి వచ్చింది. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండడానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం మిశ్రమానికి లెక్క వేస్తే సుమారు 13.5 కిలోలు వస్తుంది. శుద్ధ పెట్రోలుకు సర్దిన కార్బ్యురేటరు ఈ మార్పును గుర్తించలేదు. అందుచేత మిశ్రమం ఎనిమిది, తొమ్మిది శాతం పలుచబడినట్లవుతుంది. ఆక్సిజన్ సెన్సరు గల ఇంజెక్షను ఇంజను తన పరిధిలో సర్దుకుంటుంది. అప్పటికే సన్నని గాలి చీలిక ఉన్న పాత ఇంజను ఈ అదనపు పలుచదనాన్ని ఓర్వలేక ఐడ్లింగ్‌లో తడబడవచ్చు.

ఇథనాల్ పాత రబ్బరు గొట్టాలను, కార్బ్యురేటరు డయాఫ్రంలను ఉబ్బించి చీలుస్తుంది, టాంకులో పేరుకున్న మడ్డిని కదిలించి ఫిల్టరుకు చేరుస్తుంది, నీటిని పీల్చుకుంటుంది. నీరు ఎక్కువైతే ఇథనాల్‌తో కలిసి అడుగున వేరుపడుతుంది. పాత గొట్టాలను ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్చడం, నెలల తరబడి నిలిపే బండిలో పెట్రోలు నిల్వ ఉంచకపోవడం, గాలి లోపాలన్నీ సరిచేసిన తర్వాతే ఐడ్లింగ్ మిశ్రమాన్ని సర్దడం ఇక్కడ చేయదగిన పనులు. అయితే ప్రతి కుదుపునూ ఇథనాల్‌కు అంటగట్టడం కూడా నిర్ధారణ కాదు. ఒక్క సిలిండరే మండకపోతే ఇంధనాన్ని నిందించే ముందు ఆలోచించాలి. అదే పెట్రోలు మిగతా సిలిండర్లకూ అందుతున్నది గదా.

8. డీజిల్ ట్రాక్టర్లకు అన్వయం

డీజిల్ ఇంజనులో ప్లగ్గు లేదు. సంపీడనపు వేడే నిప్పు. అయినా తర్కం మారదు. ట్రాక్టరు కుదుపుతో నడుస్తుంటే ఒక్కో ఇంజెక్టరు గొట్టం నట్టును కొద్దిగా వదులు చేసి శబ్దాన్ని గమనిస్తారు. మార్పు రాని సిలిండరే దోషి. అధిక పీడనంతో చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు కాబట్టి చేతిని, ముఖాన్ని దూరంగా ఉంచి, గుడ్డ కప్పి, అనుభవజ్ఞుల సమక్షంలోనే ఈ పని చేయాలి. కుదుపు అన్ని సిలిండర్లకూ ఉమ్మడిగా ఉంటే డీజిల్ దారిలో గాలి చేరిందేమో, ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. గార్లదిన్నె వద్ద 1983లో ఏర్పడిన దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థ ఈ జిల్లాలోనే ఉండడం మన విద్యార్థులకు, గ్రామీణ యువతకు కలిసివచ్చే అవకాశం.

9. విస్తరణ కార్యకర్తలకు సూచనలు

(అ) రైతు శిక్షణలో భాగాల పేర్లతో మొదలుపెట్టక, పైన చెప్పిన ఐదు ప్రశ్నలతో మొదలుపెట్టాలి. యజమాని ఆ సమాధానాలతో మెకానిక్కు దగ్గరకు వెళితే అనవసరపు మార్పిడి తగ్గుతుంది.

(ఆ) ఫీలర్ గేజీ, కంప్రెషన్ గేజీ, మల్టీమీటరు, శూన్యత గేజీ అనే నాలుగు పనిముట్లు ఒక రైతు బృందానికి ఉమ్మడిగా ఉంటే చాలు.

(ఇ) వేరుశనగ విత్తే అదునుకు ముందే, మే నెలలో, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, టాపెట్లు, గొట్టాలు చూపించుకునే అలవాటు చేయాలి.

(ఈ) ప్రతి మరమ్మతును తేదీ, కిలోమీటర్లు, లక్షణం, చేసిన పని అనే నాలుగు గడులతో ఒక పుస్తకంలో రాయించాలి. నెమ్మదిగా పెరిగే లోపాన్ని పట్టి ఇచ్చేది ఈ పుస్తకమే.

10. ముగింపు

ఇంజను మిస్సింగ్‌కు కారణాలు అనేకం గాని, వాటిని వేరు చేసే ప్రశ్నలు కొన్నే. ఏ పరిస్థితిలో, ఏ సిలిండరులో అన్నది తేలితే మిగిలిన పరీక్షలు నాలుగైదుకు మించవు. వాటిలో చాలావాటికి ఖర్చు లేదు. దుమ్ము, వేడి, ఎత్తు, మారుతున్న ఇంధనం అనే స్థానిక అంశాలను లెక్కలోకి తీసుకొని పరీక్షించినప్పుడే పుస్తకంలోని విలువలు ఇక్కడ అక్కరకు వస్తాయి. పదును ఉన్న రోజున బండి కదలడం ఈ పీఠభూమిలో పంటకు సంబంధించిన విషయమే గనుక, వ్యవసాయ విద్యార్థులు ఈ నిర్ధారణ క్రమాన్ని పైరు పరిశీలనతో పాటు నేర్చుకోవడం అవసరం.